తాతగారు ఎక్కడ డాక్టరీ చదివారు: పాత రిజిస్టర్లు, కాలేజీ క్యాలెండర్లు, లైబ్రరీ కేటలాగుల్లో దేన్ని ముందు తెరవాలి

మా ముత్తాత డాక్టరట, మద్రాసులో చదివారట, అంతకు మించి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలీదు. ఈ మాట చెప్పేవాళ్ళు మన వైపు చాలామంది ఉన్నారు. వాళ్ళు ముందుగా చేసే పని గూగుల్‌లో పేరు కొట్టి చూడటం, ఏమీ రాకపోతే రికార్డులన్నీ ఎప్పుడో పోయుంటాయని వదిలెయ్యడం. నిజానికి చాలావరకు పోలేదు. ఆ పేర్లు అచ్చయిన పుస్తకాల్లో ఉన్నాయి, ఆ పుస్తకాల్లో చాలా స్కాన్ కూడా అయ్యాయి. చిక్కల్లా ఏ పుస్తకంలో ఎవరి పేరు వేసేవారో తెలియక తప్పు పుస్తకంలో వెతకడమే.

అందుకే వెతకడానికి ముందు ఒక్క విషయం తేల్చుకోండి: ఆయన పేరు పక్కన ఏ అక్షరాలు ఉండేవి? ఇంటి గేటు మీది బోర్డు, పాత ప్రిస్క్రిప్షన్ కాగితం, పెళ్ళి శుభలేఖ, ఆస్తి దస్తావేజు, ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఎల్.ఎం.పి. (మెడికల్ స్కూలు డిప్లొమా) అయితే ఒక దారి, ఎల్.ఎం.ఎస్. లేదా ఎం.బి.బి.ఎస్. (రెండూ యూనివర్సిటీ పట్టాలు) అయితే ఇంకో దారి, ఎల్.ఐ.ఎం. (దేశీ వైద్యం పట్టా) అయితే పూర్తిగా వేరే దారి. ఏ కాలేజీ అన్నది కూడా చాలాసార్లు ఈ అక్షరాలే చెప్తాయి.

మద్రాసు ప్రెసిడెన్సీ సంగతి ముందు చూద్దాం, కోస్తా, సీమ వాళ్ళలో ఎక్కువమంది ఇందులోనే వస్తారు. అప్పట్లో మెడికల్ కాలేజీ వేరు, మెడికల్ స్కూలు వేరు. మద్రాసు మెడికల్ కాలేజీ 1835లో స్కూలుగా మొదలై 1850లో కాలేజీ అయింది, యూనివర్సిటీ డిగ్రీలు అక్కడి వాళ్ళవి. స్కూళ్ళలో చదివినవాళ్ళకు డిగ్రీ కాదు, డిప్లొమా ఇచ్చేవారు, అదే ఎల్.ఎం.పి. రాయపురంలో ఒక స్కూలు ఉండేది, అది తర్వాత స్టాన్లీ మెడికల్ కాలేజీ అయింది. విశాఖలో 1902లో మొదలైన స్కూలు 1923లో కాలేజీగా మారింది, 1940లో ఆంధ్రా మెడికల్ కాలేజీ అన్న పేరు పెట్టారు. వెల్లూరులో 1918లో ఆడవాళ్ళ కోసం మొదలైన మిషన్ స్కూలు కూడా మొదట ఎల్.ఎం.పి. స్కూలే. పల్లెల్లో, తాలూకా కేంద్రాల్లో ప్రాక్టీసు చేసిన పాతకాలపు డాక్టర్లలో ఎల్.ఎం.పి.లు చాలామంది. కానీ యూనివర్సిటీ పుస్తకాల్లో వాళ్ళ పేర్లు ఉండవు, ఎందుకంటే వాళ్ళకు పట్టా ఇచ్చింది యూనివర్సిటీ కాదు. మనవలు పొరపడేది సరిగ్గా ఇక్కడే. యూనివర్సిటీ జాబితాలో పేరు లేదు కాబట్టి తాతగారు నిజంగా డాక్టరు కాదేమో అనుకుంటారు, ఇది విన్నప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే ఊళ్ళో కలరా వచ్చినప్పుడు ఊరంతా తిరిగింది ఎక్కువగా వీళ్ళే.

ఇక పోలిక. పాత పుస్తకాల్లో మీకు పనికొచ్చేవి నాలుగు రకాలు: యూనివర్సిటీ క్యాలెండరు (తేదీలది కాదు, యూనివర్సిటీ ఏటా వేసే వివరాల పుస్తకం), మెడికల్ కౌన్సిల్ రిజిస్టరు, ప్రైవేటు డైరెక్టరీ, ప్రభుత్వ గెజెటు లేదా సివిల్ లిస్టు (ప్రభుత్వోద్యోగుల జాబితా). పైకి అన్నీ ఒకేలా పేర్ల జాబితాల్లా కనిపిస్తాయి కానీ ఒక్కోటీ ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్తుంది.

డిగ్రీ ఉన్నవాళ్ళకు నా ఓటు ఎప్పుడూ యూనివర్సిటీ క్యాలెండరుకే. మద్రాసు యూనివర్సిటీ 1857లో పుట్టింది, ఏటా వేసిన క్యాలెండరులో డిగ్రీ వారీగా, సంవత్సరం వారీగా పట్టభద్రుల పేర్లు ఉంటాయి. ఎక్కడ చదివారు, ఎప్పుడు పాసయ్యారు అన్న రెండు ముక్కలూ ఇక్కడే తేలతాయి. ఇంకో సౌకర్యం ఏమిటంటే పాత క్యాలెండర్లు ఆ ఏడాది వాళ్ళనే కాకుండా ముందు సంవత్సరాల వాళ్ళను కూడా కలిపి వేసేవి, కాబట్టి మీకు కావలసిన ఏడాది సంపుటం దొరక్కపోయినా తర్వాతి సంపుటం చూడొచ్చు. శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా మద్రాసు నుంచి ఎల్.ఎం.ఎస్.తోనే బయటికొచ్చి 1923లో బోస్టన్ వెళ్ళారు, అంటే ఆయనలాంటి వాళ్ళను ఎం.బి.బి.ఎస్. జాబితాలో వెతికితే దొరకరు, పక్క జాబితా కూడా చూడాలి. విశాఖలో 1920ల్లో చదివినవాళ్ళ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఆ కాలేజీ మొదట మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేది, 1926లో ఆంధ్ర యూనివర్సిటీ వచ్చింది, అందుకని రెండు యూనివర్సిటీల క్యాలెండర్లూ తిరగేయాలి.

మెడికల్ రిజిస్టరు ఇంకో రకం. 1914 నాటి మద్రాసు మెడికల్ రిజిస్ట్రేషన్ చట్టంతో మద్రాసుకు కౌన్సిల్, దానికో రిజిస్టరు వచ్చాయి. ఎల్.ఎం.పి.ల కోసం వెతికేవాళ్ళు మొదట తెరవాల్సింది ఇదే, ఇందులో డిగ్రీ, డిప్లొమా రెండు రకాల వాళ్ళూ ఉంటారు. పేరు, అర్హత, రిజిస్టరైన తేదీ, చిరునామా, అంతే, జీవిత విశేషాలేమీ ఉండవు. కానీ ఉన్న నాలుగు ముక్కలూ అధికారికం. చిరునామాను మాత్రం మరీ నమ్మకండి, డాక్టరు బదిలీ అయినా, చివరికి చనిపోయినా ఎవరో తెలియజేసేదాకా పాతదే అచ్చవుతూ ఉంటుంది. 1914కి ముందు ప్రాక్టీసు మానేసినవాళ్ళు ఇందులో ఉండరు. ఆయుర్వేదం చదివి మద్రాసు ఇండియన్ మెడిసిన్ స్కూలు నుంచి ఎల్.ఐ.ఎం. తీసుకున్నవాళ్ళు కూడా ఉండరు, వాళ్ళది వేరే నమోదు. ఇంగ్లీషు మందులు కూడా ఇచ్చేవారు కాబట్టి ఎల్.ఎం.పి. అయ్యుంటారు అని ఇంట్లోవాళ్ళు చెప్పినా అక్షరాలు చూసేదాకా ఒప్పుకోకండి.

బ్రిటన్ వాళ్ళ మెడికల్ రిజిస్టరు 1859 నుంచి ఉంది. మనవాళ్ళు అందులో ఎందుకుంటారంటే, మద్రాసు లాంటి యూనివర్సిటీల డిగ్రీలను అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ 1930 దాకా గుర్తించేది, ఆసక్తి ఉన్నవాళ్ళు ఫీజు కట్టి అక్కడ నమోదు చేయించుకునేవారు, అలాంటి పేర్లు కలోనియల్ లిస్టు అనే విడి భాగంలో వేసేవారు. 1930లో ఆ గుర్తింపు తీసేశారు, ఆ గొడవలోంచే 1933లో ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం వచ్చింది. కాబట్టి మీ తాతగారు 1930 తర్వాతి కొన్నేళ్ళలో పాసైతే, పైచదువుకు ఇంగ్లండ్ వెళ్ళిన దాఖలా కూడా లేకపోతే, దీన్ని ముందు తెరవాల్సిన పని లేదు. వెళ్ళారని తెలిస్తే మాత్రం తప్పక చూడండి. యాన్సెస్ట్రీ సైట్‌లో 1859 నుంచి 1959 దాకా ఉంది కానీ ప్రతి సంవత్సరమూ లేదు, నాలుగేళ్ళకొకటి చొప్పున పెట్టారు. దానికి డబ్బు కట్టాలి. కట్టే ముందు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఆ ఏడాది సంపుటం ఉచితంగా ఉందేమో ఒకసారి చూసుకోండి.

ప్రైవేటు డైరెక్టరీల్లో పెద్దది లండన్ నుంచి చర్చిల్ కంపెనీ వేసిన మెడికల్ డైరెక్టరీ, 1845లో మొదలైంది. రిజిస్టరుకూ దీనికీ తేడా ఒక్కటే కానీ అది పెద్ద తేడా: ఇందులో వివరాలు డాక్టర్లే రాసి పంపేవారు. అందువల్ల ఎక్కడ చదివారు, ఏ ఆస్పత్రిలో ఏ పదవి, ఏ పత్రికలో ఏ వ్యాసం, అన్నీ ఉంటాయి, చదవడానికి రిజిస్టరు కన్నా ఎన్నో రెట్లు బాగుంటుంది. అదే దాని బలహీనత కూడా, ఎందుకంటే పంపనివాళ్ళ వివరాలు ఉండవు, పంపినవాళ్ళు తమకు నచ్చినట్టు రాసుకుని ఉండొచ్చు. ఈ రెండింటి మధ్య నన్ను ఎంచుకోమంటే, నిర్ధారణకు రిజిస్టరు, కథ తెలుసుకోవడానికి డైరెక్టరీ. థాకర్స్ డైరెక్టరీ, మద్రాసు అసైలమ్ ప్రెస్ ఆల్మనాక్ లాంటివి డాక్టర్లకు మాత్రమే సంబంధించినవి కావు, పెద్ద పట్నాలకు, తెల్లవాళ్ళకు పనికొచ్చినంతగా మన తాలూకా డాక్టర్లకు పనికిరావు, చివర్లో చూడండి చాలు.

గెజెటు, సివిల్ లిస్టు గురించి కాస్త ఎక్కువే చెప్తాను, వీటిని ఎవరూ పట్టించుకోరు కాబట్టి. తాతగారు ప్రభుత్వ డాక్టరైతే, అంటే సివిల్ అసిస్టెంట్ సర్జనో, సబ్ అసిస్టెంట్ సర్జనో, అంతకు ముందు కాలంలో హాస్పిటల్ అసిస్టెంటో అయితే, ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెటులో ఆయన నియామకం, బదిలీ, సెలవు అచ్చయ్యే అవకాశం చాలా ఎక్కువ. సివిల్ లిస్టులో హోదా, పోస్టింగు ఉంటాయి. వీటిని వరసగా చూస్తే ఫలానా ఏడాది కాకినాడ, తర్వాత బరంపురం, తర్వాత కడప అని మనిషి జీవితం మొత్తం పటం మీద కనపడుతుంది, అది ఏ డైరెక్టరీ కూడా ఇవ్వలేదు. కష్టమేమిటంటే గెజెటు వారం వారం వచ్చేది, సంపుటాలు లావు, ఇండెక్సు అన్నిట్లోనూ సరిగా ఉండదు. అందుకే ముందు సివిల్ లిస్టు చూసి, పోస్టింగు మారిన ఏడాది పట్టుకుని, ఆ ఏడాది గెజెటు మాత్రమే తెరవండి. చెన్నైలో ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్, దగ్గర్లోనే ఉన్న కన్నెమరా లైబ్రరీ వీటికి మంచి చోట్లు. లండన్‌లో ఉన్న బంధువులకు పని అప్పజెప్పేటట్టయితే బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు రికార్డుల్లో గెజెట్లు వి/11, సివిల్ లిస్టులు వి/13, శాఖల వార్షిక నివేదికలు వి/24 వరసల్లో ఉంటాయని చెప్పండి. ఈ నంబర్లు తెలిసి వెళ్ళినవాళ్ళకూ తెలియక వెళ్ళినవాళ్ళకూ సగం రోజు తేడా.

సైన్యంలో ఐ.ఎం.ఎస్. (ఇండియన్ మెడికల్ సర్వీస్) ఆఫీసరుగా చేసినవాళ్ళకైతే ఇవేమీ అక్కర్లేదు. క్రాఫర్డ్ అనే ఆయన 1615 నుంచి 1930 దాకా ఐ.ఎం.ఎస్. వాళ్ళందరి జాబితా పుస్తకంగా 1930లో వేశారు, నేరుగా అది చూడండి.

తెలంగాణ వాళ్ళకు పైన చెప్పినవాటిలో చాలా భాగం వర్తించదు. నిజాం రాజ్యం మద్రాసు కౌన్సిల్ పరిధిలోకి రాదు. హైదరాబాద్ మెడికల్ స్కూలు 1846లో మొదలైంది, మొదట్లో చదువు ఉర్దూలో సాగేది, పాసైనవాళ్ళకు హకీం అనే బిరుదు ఇచ్చేవారు. కాబట్టి ఇంట్లో పెద్దలు ఆయన హకీం అని చెప్తే యునానీ వైద్యులని వెంటనే తీర్మానించుకోకండి, 19వ శతాబ్దం మనిషైతే ఇంగ్లీషు వైద్యమే చదివి ఉండొచ్చు. తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ కింద కాలేజీ వచ్చింది. ఇక్కడ మీరు చూడాల్సినవి నిజాం ప్రభుత్వ సివిల్ లిస్టులు, జరీదా అనే ప్రభుత్వ గెజెటు, తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్. జరీదా ఉర్దూలో ఉంటుంది, చదివిపెట్టేవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి, ఊరికే వెళ్తే ఒక పూట వృథా. ఇంగ్లీషులో వచ్చిన సివిల్ లిస్టులు మాత్రం చాలా తేలిక, కొన్ని స్కాన్ కూడా అయ్యాయి, అక్కడే మొదలుపెట్టమంటాను.

మీరు వెతికేది మన ఊరి మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ గురించి అయితే పుస్తకాలు మళ్ళీ మారతాయి. గుంటూరులో ఇప్పటికీ కుగ్లర్ ఆస్పత్రి అంటారు కదా, ఆ అన్నా కుగ్లర్ 1879లో పెన్సిల్వేనియా మహిళా మెడికల్ కాలేజీలో పాసై 1883లో గుంటూరు వచ్చారు. మన దేశపు తొలి మహిళా డాక్టర్లలో ఒకరైన ఆనందీబాయి జోషీ 1886లో పట్టా పుచ్చుకున్నదీ ఆ కాలేజీలోనే. ఆ కాలేజీ రికార్డులు ఇప్పుడు ఫిలడెల్ఫియాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ ఆర్కైవ్స్ దగ్గర ఉన్నాయి, చాలా భాగం ఆన్‌లైన్‌లో చూడొచ్చు. అమెరికా కాలేజీలు ఏటా వేసే పుస్తకాన్ని క్యాలెండర్ అనరు, అనౌన్స్‌మెంట్ అనో కేటలాగ్ అనో అంటారు. సెర్చ్‌లో ఆ మాటే కొట్టాలి. విద్యార్థుల పేర్లు, సొంత రాష్ట్రం, కొన్నిట్లో ఎవరి దగ్గర శిష్యరికం చేశారో కూడా ఉంటుంది. అమెరికన్ మెడికల్ డైరెక్టరీ 1906లో మొదలైంది, అంతకు ముందు మనిషికి అది ఉపయోగం లేదు. చనిపోయిన డాక్టర్ల కార్డుల్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దశాబ్దాల తరబడి రాసి పెట్టింది, వాటి స్కాన్లు ఫ్యామిలీసెర్చ్‌లో డబ్బు కట్టకుండా చూడొచ్చు. నేనైతే డైరెక్టరీ కన్నా ముందు ఆ కార్డు చూస్తాను, కాలేజీ పేరు, పాసైన ఏడాది ఒకే కార్డు మీద ఉంటాయి.

ఇప్పుడు కేటలాగుల సంగతి. డైరెక్టరీలో మనిషి దొరుకుతాడు, కేటలాగులో డైరెక్టరీ దొరుకుతుంది, ఈ రెండూ కలిపేసుకోవద్దు. ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి కేటలాగైన వరల్డ్‌క్యాట్‌లో మీ తాతగారి పేరు కొడితే ఏమీ రాదు, రాకూడదు కూడా. అక్కడ కొట్టాల్సింది మద్రాసు యూనివర్సిటీ క్యాలెండర్ అని. ప్రపంచంలో ఏ లైబ్రరీలో ఉందో చెప్పడంలో వరల్డ్‌క్యాట్ మంచిదే కానీ మన పాత లైబ్రరీలు అందులో చాలా తక్కువ. చెన్నైలో మీ ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న పుస్తకాన్ని అది షికాగోలో ఉందని చూపిస్తుంది. బ్రిటన్ లైబ్రరీలకు లైబ్రరీ హబ్ డిస్కవర్ మెరుగు. ఇలా ఏటేటా వచ్చే పుస్తకాలకు కేటలాగులో ఒకే ఎంట్రీ ఉంటుంది, అందులో కనిపించే సంవత్సరం అది మొదలైన సంవత్సరం, ఆ లైబ్రరీ దగ్గర ఏ సంపుటాలు ఉన్నాయన్నది హోల్డింగ్స్ అనే చిన్న లైన్లో ఉంటుంది. అది చదవకుండా రైలెక్కకండి. లైన్ లేకపోతే ఈమెయిల్ రాసి ఫలానా ఏడాది సంపుటం ఉందా అని అడగండి, క్యాలెండర్లు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే జవాబు వస్తుంది, దానివల్ల ప్రయోజనం లేదు.

ఇండెక్స్ కేటలాగ్ అనే పెద్ద పేరు మీకు తగులుతుంది. అమెరికా సైన్యపు సర్జన్ జనరల్ ఆఫీసు లైబ్రరీ కోసం జాన్ షా బిల్లింగ్స్ మొదలుపెట్టింది, 1880 నుంచి 1961 దాకా 61 సంపుటాలు వచ్చాయి, వైద్య సాహిత్యం మీద అంత పెద్ద పని మరొకటి లేదు. కానీ మనిషి చదువు ఎక్కడో తెలుసుకోవడానికి అది సరైన సాధనం కాదు, ఆయన ఏదైనా రాశారా, ఆయన కాలంలో ఒక జబ్బు మీద ఎవరేం రాశారు అన్నవాటికి వాడండి. రాశారా అన్న ప్రశ్నకు అంతకన్నా దగ్గరి దారి ఇండియన్ మెడికల్ గెజెట్, 1866 నుంచి వచ్చిన పత్రిక, పాత సంచికలన్నీ పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా ఉన్నాయి. పెద్ద డాక్టర్లే కాదు, ఎక్కడో డిస్పెన్సరీలో ఉన్న హాస్పిటల్ అసిస్టెంట్లు కూడా అందులో కేసులు రాసేవారు. తాతగారి వ్యాసం ఒక్కటి దొరికితే కింద ఆయన హోదా, ఊరు ఉంటాయి, ఆయన రోగిని ఎలా చూశారో ఆయన మాటల్లోనే ఉంటుంది. ఇంతకన్నా విలువైనది ఏ జాబితాలోనూ దొరకదని నా గట్టి నమ్మకం. ఆనాటి ఆస్పత్రుల, డిస్పెన్సరీల వార్షిక నివేదికలు స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ ఆన్‌లైన్‌లో పెట్టింది, పనిచేసిన ఊరు తెలిశాక అవి చదవండి.

స్కాన్ల కోసం ఆర్కైవ్ డాట్ ఆర్గ్, హాతిట్రస్ట్ రెండూ చూడాలి కానీ మొదటిది ఇండియాలో ఉన్నవాళ్ళకు తేలిక. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు లక్షల్లో అక్కడికే చేరాయి. వాటి శీర్షికలు మాత్రం దారుణంగా తప్పులతో ఎక్కించారు, సంవత్సరం కూడా తప్పుంటుంది, అందుకని శీర్షికతో దొరక్కపోతే లోపలి టెక్స్ట్‌లో వెతికే ఆప్షన్ పెట్టుకోండి. హాతిట్రస్ట్‌లో అమెరికాలో తెరుచుకునే పుస్తకం మన దగ్గర తెరుచుకోకపోవచ్చు, అయినా ఆ పేరు ఏ పేజీలో ఉందో మాత్రం చూపిస్తుంది, ఆ పేజీ నంబరుతో అక్కడున్న మనవాళ్ళనెవరినైనా చూసి పెట్టమనొచ్చు.

పేరు ఎలా కొట్టాలన్నది సగం పని. ఇంటిపేరుతో వెతకకండి, మద్రాసు జాబితాల్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం అయిపోయి అసలు పేరు ముందుకొస్తుంది. రావు అన్నదాన్ని చివర ఓ, డబ్ల్యూ పెట్టి, ఏ, యూ పెట్టి, ఏ, ఓ పెట్టి మూడు రకాలుగానూ రాసేవారు. సుబ్బ కాస్తా రెండు ఓలతో సూబ్బ అవుతుంది. ఊళ్ళు కూడా అంతే, విజయవాడకు బెజవాడ, కాకినాడకు కొకనాడ, ఏలూరుకు ఎల్లోర్, విశాఖకు వైజాగపటం. కంప్యూటరు చదివిన పాత అచ్చులో తప్పులుంటాయి కాబట్టి సెర్చ్‌లో రాలేదంటే లేదని అర్థం కాదు, సంవత్సరం సుమారుగా తెలిస్తే పేజీలు మీ కళ్ళతో తిప్పి చూడండి.

ఆఖరుగా, ఇదంతా ఎందుకు కావాలన్నదాన్ని బట్టి కూడా ఎంపిక మారుతుంది. కుటుంబ చరిత్ర రాసుకోవడానికైతే స్కాన్ పేజీ చాలు, సంపుటం, ఏడాది, పేజీ నంబరు రాసిపెట్టుకోండి. ఏదైనా ఆఫీసులో చూపించాలంటే ప్రింటవుట్లు పనికిరాకపోవచ్చు, యూనివర్సిటీ నుంచో మెడికల్ కౌన్సిల్ నుంచో సర్టిఫైడ్ కాపీ అడుగుతారు, దానికి అర్జీ పెట్టేటప్పుడు మీరు పట్టుకున్న ఆ ఏడాది, ఆ పేజీ జతచేస్తే వాళ్ళు వెతికే పని తగ్గుతుంది. కాలేజీ పేరు మారిపోయింది, పాత పేరుతో ఉన్నది ఇదేనని చూపించాలి అనుకునేవాళ్ళకు వరల్డ్ డైరెక్టరీ ఆఫ్ మెడికల్ స్కూల్స్ ఒకటి సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953లో అచ్చులో మొదలుపెట్టిన డైరెక్టరీకి ఇప్పటి ఆన్‌లైన్ రూపం అనుకోండి, 2014 నుంచి ఉచితంగా ఉంది, అందులో మనుషుల పేర్లు ఉండవు, కాలేజీలే ఉంటాయి.